పదమూడో క్రోమోజోమ్‌లో పోయిన ముక్క



పెద్ద వయసులో వచ్చే రక్త కేన్సర్లలో క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా ఒకటి. డాక్టర్లు పొట్టిగా సి.ఎల్.ఎల్. అంటారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర తక్కువే. అయినా పంజగుట్ట నిమ్స్ లాంటి పెద్ద ఆస్పత్రులకు ఈ రోగులు వస్తూనే ఉంటారు. చాలామందిలో ఇది అనుకోకుండా బయటపడుతుంది. కంటి శుక్లం ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష చేయిస్తారు. పదకొండు వేలు దాటకూడని తెల్లకణాలు యాభై వేలో, ఎనభై వేలో ఉంటాయి. మనిషి చూడటానికి బాగానే ఉంటాడు. మెడ దగ్గరో, చంకలోనో నొప్పి లేని బిళ్లలు తప్ప వేరే బాధ ఉండకపోవచ్చు.

ఆ తర్వాత చేయించే పరీక్షల్లో "ఫిష్" అనేది ఒకటి. చేపకూ దీనికీ ఏ సంబంధం లేదు, ఒక పొడుగాటి ఇంగ్లీషు పేరుకు అవి పొడి అక్షరాలు. కేన్సర్ కణాల క్రోమోజోముల్లో ఏ భాగం ఉంది, ఏ భాగం పోయింది అని మెరిసే రంగుల సాయంతో చూసే పరీక్ష ఇది. రిపోర్టులో చాలాసార్లు "13క్యూ14 డిలీషన్" అని వస్తుంది. కొడుకో కోడలో అది చదివి, "నాన్నగారికి క్రోమోజోమ్‌లో ముక్క పోయిందట" అని బెంబేలెత్తిపోతారు. "మనుమరాలికి సంబంధాలు చూస్తున్నాం డాక్టర్ గారూ, ఈ లోపం దానికి కూడా వస్తుందా?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్లూ ఉన్నారు.

ముందు జవాబు చెప్పి, తర్వాత పాఠంలోకి వెళదాం. ఆ ముక్క పుట్టుకతో పోయింది కాదు. రోగి ఒంట్లోని మిగతా కణాల్లో అది భద్రంగానే ఉంది. కేన్సర్‌గా మారిన రక్తకణాల్లో మాత్రమే, అదీ పెద్దయ్యాక ఎప్పుడో పోయింది. కాబట్టి అది పిల్లలకు సంక్రమించేది కాదు. సి.ఎల్.ఎల్. రోగుల దగ్గరి బంధువుల్లో ఈ జబ్బు మిగతావారి కంటే కొంచెం ఎక్కువగా కనిపించే మాట నిజమే గాని, వాళ్లలో కూడా చాలామందికి అది ఎన్నటికీ రాదు. పెళ్లి ఆపుకోవలసిన సంగతి ఇందులో ఏమీ లేదు.

రెండో సంగతి. ఈ ఒక్క మార్పే ఉండి వేరే మార్పులు లేకపోతే జబ్బు సాధారణంగా నెమ్మదిగా నడుస్తుంది. 2000 సంవత్సరంలో జర్మనీ డాక్టర్లు 325 మంది సి.ఎల్.ఎల్. రోగులను పరిశీలించి ప్రచురించిన లెక్కల్లో, సగం కంటే ఎక్కువమందికి ఈ 13వ క్రోమోజోమ్ ముక్క పోయి ఉంది. అది ఒక్కటే పోయినవాళ్లు అందరికంటే ఎక్కువకాలం బతికారు. 17వ క్రోమోజోమ్‌లో ముక్క పోయినవాళ్లకు జబ్బు తొందరగా ముదిరింది. అందుచేత రిపోర్టులో "డిలీషన్" అన్న మాట చూసి భయపడే ముందు, దాని పక్కనున్న అంకె ఏమిటో చూడాలి.

ఇంతకీ పోయిన ఆ ముక్కలో ఏముంది? ఈ నెల మన పాఠం అదే.

వెతికినా దొరకని జన్యువు

ఇన్ని వందలమంది రోగుల్లో సరిగ్గా ఒకే చోట ముక్క పోతోందంటే, అక్కడ కేన్సర్‌ను ఆపే కాపలా జన్యువు ఏదో ఉండాలి. శాస్త్రవేత్తలు అలాగే అనుకున్నారు. 1990లలో ఎన్నో ప్రయోగశాలలు ఆ చోటును గాలించాయి. అక్కడ జన్యువులు దొరికాయి, కాని వాటిలో దేన్నీ "దొంగ ఇదే" అని పట్టుకోలేకపోయారు. 2002లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జార్జ్ కాలిన్, కార్లో క్రోచే, వారి తోటి పరిశోధకులు అసలు సంగతి కనిపెట్టారు. ఆ చోట ఉన్నవి ప్రొటీన్ తయారుచేసే మామూలు జన్యువులు కావు. మిర్-15, మిర్-16 అనే రెండు బుల్లి ఆర్.ఎన్.ఏ.లు. సి.ఎల్.ఎల్. రోగుల్లో ఎక్కువమందికి అవి పూర్తిగా పోవడమో, బాగా తగ్గిపోవడమో జరిగింది. కేన్సర్‌కు మైక్రో ఆర్.ఎన్.ఏ.లతో సంబంధం ఉందని తెలిసింది అదే మొదటిసారి.

అంతకుముందు అవి ఎవరి కంటా ఎందుకు పడలేదంటే, వాటి పరిమాణం అలాంటిది. మామూలు జన్యువు సమాచారం వేల అక్షరాల పొడవుంటుంది. మైక్రో ఆర్.ఎన్.ఏ. పొడవు దాదాపు 22 అక్షరాలు. అంత చిన్న తునకలను పరిశోధకులు చాలాకాలం చెత్త కింద లెక్కగట్టారు.

అమీర్‌పేట జిరాక్స్ లెక్క

ఈ బుల్లి ఆర్.ఎన్.ఏ. ఏం చేస్తుందో తెలియాలంటే ఒకసారి అమీర్‌పేట వెళ్లి రావాలి. మైత్రీవనం పక్క సందుల్లో తిరిగినవారికి కోచింగ్ సెంటర్ల తీరు చెప్పనక్కర్లేదు. అసలు నోట్సు ఆఫీసు బీరువాలో ఉంటుంది. దాన్ని బయటికి ఇవ్వరు. ఏ రోజుకు కావలసిన పాఠాన్ని ఆ రోజు జిరాక్స్ తీయించి క్లాసుకు పంపుతారు. క్లాసులో ఆ కాపీ చూసి పని జరుగుతుంది.

మన కణం కూడా అంతే. బీరువా స్థానంలో కేంద్రకం ఉంది. అందులోని అసలు నోట్సు డి.ఎన్.ఏ. దాని నుంచి తీసిన జిరాక్స్ కాపీ మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. ఆ కాపీ కేంద్రకం బయటికి వచ్చాక, దాన్ని చదివి కణం ప్రొటీన్లు తయారుచేస్తుంది. కణం పెరగాలన్నా, రెండుగా చీలాలన్నా, ముసలిదై చనిపోవాలన్నా ఆ పని చేసిపెట్టేవి ప్రొటీన్లే.

ఒక ప్రొటీన్ మరీ ఎక్కువ కాకుండా ఎలా అదుపు చేయాలి? ఒక దారి, బీరువానే తీయకపోవడం. ఇంకో దారి ఉంది. జిరాక్స్ కాపీలు బయటికి వచ్చాక ఎవరో ఒకరు దారిలో నిలబడి, కొన్నింటిని పక్కకు లాగి చింపేయడం. మైక్రో ఆర్.ఎన్.ఏ. ఈ రెండో పని చేస్తుంది. కాపీ మొత్తం చదవదు, అంత ఓపిక దానికి లేదు. తన దగ్గరున్న ఏడెనిమిది అక్షరాలకు సరిపడే అక్షరాలు కాపీ చివరి భాగంలో కనబడితే చాలు, వెళ్లి అతుక్కుంటుంది. దానికి తోడుగా ఆర్గోనాట్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఇద్దరూ కలిసి ఆ కాపీని చదవనివ్వరు, లేదా నాశనం చేయిస్తారు.

ఏడెనిమిది అక్షరాలతో గుర్తుపట్టడం వల్ల ఒక చిత్రం జరుగుతుంది. ఒకే మైక్రో ఆర్.ఎన్.ఏ. వందలకొద్దీ వేర్వేరు పాఠాల కాపీలను పట్టుకోగలదు. ఒకే కాపీ మీద నాలుగైదు మైక్రో ఆర్.ఎన్.ఏ.లు కూర్చోగలవు. మనిషిలో వీటి జన్యువులు వెయ్యికి పైగా ఉన్నాయి. ఒక్కొక్కటి చేసే పని చాలావరకు స్వల్పమే. లైటు స్విచ్చి ఆర్పినట్టు ఉండదు, ఫ్యాన్ రెగ్యులేటర్‌ను ఒక గీత తగ్గించినట్టు ఉంటుంది. కాని వేల రెగ్యులేటర్లు కలిసి ఇంటిని నడుపుతున్నప్పుడు, కొన్ని ముఖ్యమైనవి చెడిపోతే ఏమవుతుందో ఊహించండి.

ఈ సంగతి మొదట తెలిసింది మనిషిలో కాదు, ఒక మిల్లీమీటరు పొడవున్న నులిపురుగు జాతి జీవిలో. 1993లో అమెరికా శాస్త్రవేత్తలు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్కున్ ఆ పురుగు ఎదుగుదలను గమనిస్తూ లిన్-4 అనే బుల్లి ఆర్.ఎన్.ఏ.ను పట్టుకున్నారు. అది పురుగుల గొడవ, మనకెందుకులే అని లోకం పెద్దగా పట్టించుకోలేదు. 2000లో రవ్కున్ బృందం లెట్-7 అనే ఇంకోదాన్ని కనుగొని, అది ఈగల్లో, చేపల్లో, మనిషిలో కూడా అదే రూపంలో ఉందని చూపాక అందరూ నిటారుగా కూర్చున్నారు. 2024లో ఆ ఇద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన ఊరికీ ఈ కథలో ఒక చోటుంది. 2004లో "సైన్స్" పత్రికలో వచ్చిన ఒక ముఖ్య పరిశోధనలో హైదరాబాద్ సి.సి.ఎం.బి.కి చెందిన ఉత్పల్ భద్ర, ఆయనతో పాటు మణికా పాల్ భద్ర గార్ల పేర్లున్నాయి. ఆర్.ఎన్.ఏ. తునకలతో జన్యువులను అణచి ఉంచే యంత్రాంగం దెబ్బతింటే, క్రోమోజోముల్లో మూసి ఉండవలసిన భాగాలు కూడా తెరుచుకుంటాయని పండ్ల మీద వాలే ఈగల్లో వారు చూపించారు.

చావవలసిన కణం చావకపోతే

ఇప్పుడు మళ్లీ సి.ఎల్.ఎల్. దగ్గరికి వద్దాం. మన రక్తంలో ప్రతి కణానికీ ఒక ఆయుష్షుంది. కాలం తీరగానే అది తనంతట తానే చనిపోవాలి, కొత్తదానికి చోటివ్వాలి. బి.సి.ఎల్.-2 అనే ప్రొటీన్ ఈ చావును ఆపుతుంది. అది తగుమాత్రంగా ఉంటే మేలు. ఎక్కువైతే ముసలి కణాలు కుర్చీ వదలవు. మిర్-15, మిర్-16 చేసే పనుల్లో ఒకటి ఈ బి.సి.ఎల్.-2 కాపీలను చింపేయడం అని 2005లో తేలింది. ముక్క పోయింది, దాంతో ఆ రెండూ పోయాయి, చింపేవాళ్లు లేక బి.సి.ఎల్.-2 పెరిగింది, చావవలసిన తెల్లకణాలు చావక రక్తంలో పోగుబడ్డాయి. సి.ఎల్.ఎల్. రక్తపరీక్షలో కనబడే ఆ యాభై వేల లెక్కకు వెనుకనున్న కథలో ఇది పెద్ద భాగం. ఈ జబ్బులో కణాలు విపరీతమైన వేగంతో పుట్టడం కంటే, చావకుండా మిగిలిపోవడమే ఎక్కువ. అందుకే చాలామందిలో అది ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తుంది.

ఈ తెలివిడి మందు దాకా వచ్చింది కూడా. బి.సి.ఎల్.-2ను నేరుగా అడ్డుకునే వెనెటోక్లాక్స్ అనే మాత్రను 2016లో అమెరికాలో మొదట 17వ క్రోమోజోమ్ ముక్క పోయిన సి.ఎల్.ఎల్. రోగులకు అనుమతించారు. ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతోంది. కణాలు ఒక్కసారిగా చచ్చి కరిగిపోతే మూత్రపిండాలు తట్టుకోలేవు కనుక, దీన్ని తక్కువ మోతాదుతో మొదలుపెట్టి అయిదు వారాల్లో పెంచుతారు. ఎదురింటివాళ్ల చీటీ చూసి వాడుకునే మందు కాదిది.

కళ్లెం పోవడం, కొరడా దొరకడం

మిర్-15, మిర్-16 కళ్లేల వంటివి. పోతే గుర్రం పరుగెడుతుంది. లెట్-7 కూడా ఆ కోవలోదే. కణాన్ని పెరగమని తొందరపెట్టే రాస్ అనే ప్రొటీన్‌ను అది అదుపులో ఉంచుతుంది. ఊపిరితిత్తుల కేన్సర్‌లో లెట్-7 తగ్గిపోయిన రోగులు ఆపరేషన్ తర్వాత తక్కువకాలం బతికారని 2004లో జపాన్ పరిశోధకులు గమనించారు.

అన్ని మైక్రో ఆర్.ఎన్.ఏ.లూ మంచివే అనుకుంటే పొరపాటు. కొన్ని పట్టుకుని చింపేది కాపలా జన్యువుల కాపీలనే. అలాంటివి మితిమీరితే కళ్లెం వేసేవాణ్ణే కట్టేసినట్టవుతుంది. మిర్-21 ఇందుకు పేరుమోసింది. రొమ్ము, ఊపిరితిత్తులు, పెద్దపేగు, మెదడు అని లేకుండా ఎన్నో కేన్సర్లలో అది ఎక్కువగా కనబడుతుంది. 2010లో అమెరికాలో ఎలుకల్లో దీన్ని కావాలని పెంచి చూశారు. ఎలుకలకు లింఫోమా వచ్చింది. మిర్-21ను ఆపేయగానే గడ్డలు కరిగిపోయాయి. ఇంకో విచిత్రం, 13వ క్రోమోజోమ్ మీదే కొంచెం దిగువన మిర్-17-92 అనే గుంపు ఉంది. కొన్ని లింఫోమాల్లో ఆ గుంపుకు నకళ్లు ఎక్కువై కేన్సర్‌ను తొందర చేస్తుంది. ఒకే క్రోమోజోమ్ మీద ఒకచోట పోతే కష్టం, ఇంకోచోట పెరిగితే కష్టం!

ఇవి ఎందుకు చెడిపోతాయి? చాలామందిలో వయసుతో జరిగే ప్రమాదాలే కారణం, ఎవరి తప్పూ ఉండదు. ఈ మాట రోగులు బాగా వినాలి, ఎందుకంటే "నేను ఏ పాపం చేశానో" అని కుమిలిపోయేవాళ్లను మేము వారం వారం చూస్తున్నాం. అయితే కొన్ని కారణాలు మన చేతుల్లో ఉన్నాయి. పొగ తాగేవారి శ్వాసనాళాల లోపలి పొరలో అనేక మైక్రో ఆర్.ఎన్.ఏ.లు తగ్గిపోతాయని 2009లో అమెరికాలో చూపారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవారికి అంగిట్లో కేన్సర్ రావడం వైద్య పుస్తకాలకు ఎక్కిన సంగతి. ఆ ప్రాంతాల నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన కుటుంబాల్లో పెద్దమ్మలు, నాయనమ్మలు ఇంకా ఈ అలవాటు వదలకపోతే ఒకసారి నోరు చూపించండి. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు కారణమైన హెచ్.పి.వి. వైరస్ ఇంకో దారి పడుతుంది. కణంలో పి53 అనే కాపలా ప్రొటీన్‌ను అది నాశనం చేస్తుంది. పి53 ఆజ్ఞ మీద పనిచేసే మిర్-34 అనే కళ్లెం కూడా దాంతోపాటు వదులవుతుంది.

పుట్టుకతో వచ్చేవి లేవా అంటే, అరుదుగా ఉన్నాయి. మైక్రో ఆర్.ఎన్.ఏ.ను పొడుగాటి ముడి తునక నుంచి కత్తిరించే కత్తెర పేరు డైసర్. ఆ కత్తెర జన్యువులో లోపంతో పుట్టిన కొందరు పిల్లలకు చిన్నతనంలోనే ఊపిరితిత్తుల్లో గడ్డలు వస్తాయని 2009లో తెలిసింది. అలాంటి కుటుంబాలకు జన్యు సలహా అవసరం. అటువంటివారు బహు కొద్దిమంది.

"ఒక్క చుక్క రక్తంతో కేన్సర్ తెలిసిపోతుందట కదా?"

ఈ ప్రశ్న ఈమధ్య తరచుగా వస్తోంది. అమీర్‌పేట నుంచి పంజగుట్ట వరకు రోడ్డుకు రెండువైపులా లాబొరేటరీల బోర్డులే. వాటిలో ఎన్నో మంచి పని చేస్తున్నాయి. కాని రిపోర్టు పుట్టినంత మాత్రాన దాంతో డాక్టర్‌కు పని ఉండాలని లేదు.

రక్తంలో మైక్రో ఆర్.ఎన్.ఏ.లు చెడిపోకుండా నిలిచి ఉంటాయని, కేన్సర్ గడ్డ నుంచి కూడా అవి రక్తంలోకి వస్తాయని 2008లో తెలిసింది. అప్పటి నుంచి వాటితో కేన్సర్‌ను ముందే పట్టుకోవాలని వందల ప్రయత్నాలు జరిగాయి. చిక్కు ఎక్కడుందో చెబుతాను. ఇందాక చెప్పిన మిర్-16 మన ఎర్రకణాల నిండా ఉంటుంది. రక్తం తీసేటప్పుడు సూది సరిగా పడక, సిరంజి బలంగా లాగి, కొన్ని ఎర్రకణాలు పగిలితే చాలు, లెక్కంతా తారుమారవుతుంది. శాంపిల్ ఎండలో బండి మీద గంటసేపు తిరిగినా అంతే. మిర్-21 పెరిగిందంటే అది కేన్సర్ వల్లనే కానక్కర్లేదు, ఒంట్లో వాపు ఉన్నా, గుండె జబ్బు ఉన్నా పెరగవచ్చు. ఒక ప్రయోగశాలలో బాగా పనిచేసిన పరీక్ష ఇంకోచోట పనిచేయకపోవడం అందుకే. వృషణాల కేన్సర్‌లో మిర్-371 అనేది మాత్రం చాలా మంచి ఫలితాలు చూపింది. మిగతావాటిలో చాలావరకు ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి. అందుచేత ఏ జబ్బు లక్షణమూ లేని మనిషి వేల రూపాయలు పోసి మైక్రో ఆర్.ఎన్.ఏ. పరీక్ష చేయించుకోవలసిన పని ఈనాటికి లేదు. అదే డబ్బుతో ఇంట్లో ముప్పై దాటిన ఆడవారికి గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించవచ్చు. మీ దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రిలో అయితే ఆ డబ్బూ ఖర్చు కాకపోవచ్చు.

మందుల సంగతి కూడా చెప్పాలి. "పోయిన మిర్-34ను మనమే తయారుచేసి ఎక్కిస్తే?" అన్న ఆలోచనతో అమెరికాలో 2013లో ఎం.ఆర్.ఎక్స్.34 అనే మందును రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. 85 మందికి ఇచ్చారు. కొందరిలో గడ్డలు తగ్గాయి. కాని రోగనిరోధక శక్తి అదుపు తప్పి తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చాయి, నలుగురు చనిపోయారు, 2016లో ఆ ప్రయోగం ఆపేశారు. ఆ శాస్త్రవేత్తలను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. వందల కాపీలను ముట్టుకునే పదార్థాన్ని ఒంట్లోకి పంపితే ఏం జరుగుతుందో అంచనా వేయడం ఎంత కష్టమో తెలియాలని చెబుతున్నాను. అంతటి జాగ్రత్తలతో చేసినదే అలా అయినప్పుడు, "మైక్రో ఆర్.ఎన్.ఏ.ను సరిచేసే పొడి" అని డబ్బాలో పెట్టి అమ్మేదాన్ని నమ్మి కీమోథెరపీ మానేయడం ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి. పాత మందులను చులకన చేయకండి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త కేన్సర్ తాత్కాలికంగానైనా లొంగుతుందని 1948లో లోకానికి తెలిసింది. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ మన పిల్లల ప్రాణాలు కాపాడుతోంది.

సి.ఎల్.ఎల్. ఉన్నవారికి

మళ్లీ ఆ రిపోర్టు తెచ్చుకున్న కుటుంబాల కోసం రెండు మాటలు. "ఇప్పుడే మందు వద్దు, మూడు నెలలకోసారి వచ్చి కనబడండి" అని డాక్టర్ చెబితే, చేతులెత్తేశారని అనుకోకండి. ఈ జబ్బు తొలిదశలో, బాధలేవీ లేనప్పుడు, మందు ముందుగా మొదలుపెట్టినందువల్ల ఆయుష్షు పెరగదని పరీక్షించి తేల్చిన సంగతి. ఊరికే ఉండటమే అక్కడ వైద్యం. ఆ కాలంలో రిపోర్టులన్నీ తేదీల వరుసన ఒక ఫైల్‌లో పెట్టుకోండి. వేరే ఆస్పత్రికి వెళ్లినా పాత ఫిష్ రిపోర్టు తీసుకెళ్లండి. మందు మొదలుపెట్టే ముందు, కొన్నేళ్లు గడిచి ఉంటే, ఆ పరీక్ష మళ్లీ చేస్తారు. అప్పటికి 17వ క్రోమోజోమ్‌లో కొత్తగా ముక్క పోయిందేమో చూడాలి. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు నిమ్స్‌లో గాని, రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో గాని చికిత్స ఖర్చు గురించి ముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

ఈ జబ్బులో తెల్లకణాలు లెక్కకు ఎక్కువున్నా పనికి తక్కువ. కాబట్టి జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని రెండురోజులు చూద్దాం అనుకోవద్దు, అదేరోజు చూపించుకోండి. రాత్రిళ్లు పక్కబట్టలు తడిసేంత చెమటలు, ఆరు నెలల్లో బరువు పదోవంతు తగ్గడం, ఎడమవైపు డొక్కలో బరువుగా ఉండి కొంచెం తినగానే కడుపు నిండినట్టు అనిపించడం, బిళ్లలు ఒక్కసారిగా పెరగడం, వీటిలో ఏది కనబడినా ఇచ్చిన తేదీ దాకా ఆగకుండా ఓ.పి.కి రండి.